విజ్ఞానశాస్త్రములలో మధ్యమ పరిమాణము

అతి సూక్ష్మమైన దానిని గూర్చియు, అతి విస్తారమైన దానిని గూర్చియు తెలిసికొనవలెనను కుతూహలము మానవునకు మొదటినుండియు ఉన్నది. మన పాఠ్యగ్రంథములును ఈ రెండు కొసలనుండియే ప్రారంభమగుచున్నవి. ఒకవైపు పరమాణువు, మరొకవైపు గ్రహమండలము. ఒకవైపు నీటి అణువు, మరొకవైపు మహాసముద్రము. ఒకవైపు వ్యక్తి, మరొకవైపు సమాజము. ఈ కొసల నడుమ ఏమున్నది అని విద్యార్థి అడుగుట అరుదు. అడిగినను, చిన్నదానిని కొంత పెంచినచో, లేక పెద్దదానిని కొంత తగ్గించినచో అదే వచ్చునని సమాధానము చెప్పి ఊరకుందుము. ఈ సమాధానము సరియైనది కాదని గత నూరు సంవత్సరములలో వేర్వేరు శాస్త్రములవారు, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, కనుగొనినారు. ఆ నడిమి ప్రాంతమునే మేము ఈ వ్యాసమున మధ్యమ పరిమాణము అనుచున్నాము. గ్రీకు భాషలో 'మెసోస్' అనగా నడుమనున్నది అని అర్థము. ఉర్దూలో 'దర్మియాన్' అనునదియు, తెలుగున 'నడుమ' అనునదియు అదే భావమును తెలుపుచున్నవి. నడుమ ఉండుటలోని ఇబ్బందిని మన ఇంటర్మీడియట్ తరగతుల విద్యార్థులకు వేరుగ బోధింప నక్కరలేదు. పాఠశాల నీడ తప్పినది, డిగ్రీ తరగతుల స్వేచ్ఛ ఇంకను చేతికి రాలేదు.

శాస్త్రము సాధారణముగ ఒక యుక్తితో ముందుకు సాగును. అక్కరలేని దానిని వదలివేయుటయే ఆ యుక్తి. సూర్యుని చుట్టు భూమి తిరుగు మార్గమును లెక్కించునపుడు భూమిపై నున్న కొండలను, సముద్రములను మరచి, భూమిని ఒక బిందువుగ భావింతుము. గదిలోని గాలి పీడనమును కొలుచునపుడు ఒక్కొక్క అణువు ఎటు పోవుచున్నదో పట్టించుకొనము. వాటి సగటు చాలును. ఒక కొసను వదలవలసినది ఒకటి, మరియొక కొసను వదలవలసినది వేరొకటి. కాని వదలుటకు ఏదో ఒకటి ఉండుట మాత్రము రెండుచోట్లను నిజము. మధ్యమ పరిమాణమున ఆ సౌకర్యము లేదు. అచ్చట రెండును సమానముగ పని చేయుచుండును. దేనిని వదలినను లెక్క తప్పును. నడుమ నున్న ప్రాంతము కష్టమగుటకు మూలకారణము ఇదియే యని మా అభిప్రాయము. కొలతలో నడిమిదగుట పేరునకు మాత్రమే.

ఒక చిన్న ఉదాహరణముతో దీనిని పరిశీలింతము. నూరు నాణెములను ఎగురవేసినచో సుమారు ఏబది బొమ్మలు పడును. అటునిటు అయిదింటి తేడా వచ్చుట మామూలు. అనగా నూటికి అయిదు వంతులు. పదివేల నాణెములు వేసినచో తేడా ఏబది, అనగా నూటికి అర వంతు మాత్రమే. పదిలక్షలు వేసినచో తేడా అయిదువందలు. ఇది నూటికి ఒక వంతులో ఇరువదవ భాగము మాత్రమే, అనగా 0.05 శాతము. సంఖ్య పెరిగిన కొలది సగటు స్థిరపడుచున్నది. ఒక్క నాణెమునకు సగటు అను మాటకు అర్థమే లేదు. కోట్లకొలది నాణెములకు సగటు తప్ప వేరొకటి కానరాదు. నూరు, వేయి ఉన్నచోట సగటును ఉన్నది, దానినుండి తొలగుటయు కంటికి కనబడుచున్నది.

ఇది ఊహ మాత్రమే కాదు. 1827లో రాబర్ట్ బ్రౌన్ అను స్కాట్లండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు పుప్పొడి గింజలలోనుండి వెలువడిన అతిసూక్ష్మ కణములను నీటిలో వేసి సూక్ష్మదర్శినితో చూచెను. అవి నిలువక ఇటునటు కదలుచుండెను. జీవము గల పదార్థమగుటచే కదలుచున్నవేమో యని మొదట అనుమానించి, తరువాత రాతిపొడితోను, కడకు ఈజిప్టు దేశపు స్ఫింక్స్ విగ్రహపు ముక్కనుండి తీసిన పొడితోను పరీక్షించెను. అవియు అట్లే కదలెను. కారణమును 1905లో ఐన్‌స్టీన్ గణితరూపమున వివరించెను. నీటి అణువులు కణమును అన్ని వైపులనుండి ఢీకొనుచున్నవి. పడవను కూడ అవి ఢీకొనుచునే యున్నవి. కాని పడవకు తగులు దెబ్బలు లెక్కకు మిక్కిలి, ఒకదానినొకటి రద్దు చేసికొనును. కణము చిన్నదగుటచే ఒకవైపు దెబ్బలు రెండవవైపు దెబ్బలకన్న ఒక క్షణము ఎక్కువగును, కణము తొలగును. సూక్ష్మదర్శినికి కనబడునంత పెద్దదిగను, అణువుల తాకిడికి చలించునంత చిన్నదిగను ఉన్న వస్తువు అది. పరమాణువులు నిజముగ ఉన్నవా, లేక రసాయన శాస్త్రజ్ఞుల లెక్కల సౌలభ్యమునకు కల్పించినవా యను వివాదము అప్పటికి తీరలేదు. ఆ వివాదమును తీర్చినది అతిసూక్ష్మమును చూచిన పరికరము కాదు, ఈ నడిమి కణమే.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాఁ పెర్రాఁ ఆ పనిని చేసినాడు. గాంబోజ్ అను ఒక చెట్టు జిగురునుండి దాదాపు ఒకే పరిమాణము గల గుండ్రని గింజలను వేరుచేసి, నీటిలో వాటిని నిలువనిచ్చి, ఏ ఎత్తున ఎన్ని యున్నవో లెక్కించెను. పైకి పోవుకొలది మన వాతావరణమున గాలి పలుచనగుచున్నట్లే ఆ గింజలును పలుచనయ్యెను. గాలి సాంద్రత సగమగుటకు సుమారు అయిదారు కిలోమీటర్లు పైకి పోవలెను. ఆయన గింజలకు మిల్లీమీటరులో నూరింట మూడు వంతుల ఎత్తు చాలెను. ఒక గాజుపలక మీది నీటిబొట్టులో ఆయన ఒక చిన్న వాతావరణమును నిర్మించినాడన్నమాట. దానినుండి అవొగాడ్రో సంఖ్యను గణించగా 6.8 పక్కన 23 స్థానములు వచ్చు సంఖ్యకు దగ్గరగ లభించెను. నేడు మనము ఆమోదించిన విలువ 6.022. ఈ పనికి 1926లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చెను.

అట్టి కణములతో కూడిన పదార్థములను రసాయన శాస్త్రమున కొల్లాయిడ్లు అందురు. పాలు, సిరా, పొగమంచు, రక్తము ఈ కోవకు చెందినవి. మిల్లీమీటరులో పదిలక్షవ వంతు మొదలు వేయవ వంతు వరకు వీని కణముల పరిమాణము. జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ ఓస్ట్‌వాల్డ్ 1914 ప్రాంతమున ఈ విషయమై ఒక గ్రంథము వ్రాసి, దానికి ఉపేక్షింపబడిన పరిమాణముల ప్రపంచము అను అర్థము వచ్చు పేరు పెట్టెను. ఆ పేరు ఫిర్యాదు వలె వినబడుచున్నది, ఫిర్యాదు న్యాయమైనదే. బంగారమును చూడుడు. కడ్డీగ ఉన్నపుడు పసుపు రంగు. దానినే అతిసూక్ష్మ కణములుగ నీటిలో చెదరగొట్టినచో మాణిక్యము వలె ఎర్రనగును. 1857లోనే మైకేల్ ఫారడే దీనిని పరిశీలించి కణముల పరిమాణమే కారణమని తలచెను. ఆ ఎరుపు బంగారపు పరమాణువునందు లేదు, కడ్డీయందును లేదు. నడుమ మాత్రమే పుట్టినది.

భౌతికశాస్త్రమున ఈ సంగతి మరల ఆలస్యముగ తలయెత్తెను. 'మెసోస్కోపిక్' అను పదమును ఎన్.జి. వాన్ కాంపెన్ 1981లో ప్రవేశపెట్టినట్లు చెప్పుదురు. 1985లో అమెరికాలోని ఐ.బి.యం. పరిశోధనశాలలో రిచర్డ్ వెబ్, ఆయన సహచరులు మైక్రానుకన్న తక్కువ వ్యాసము గల బంగారపు ఉంగరమును తయారుచేసి, పరమశూన్య ఉష్ణోగ్రతకు ఒక డిగ్రీ లోపలికి చల్లబరచి, అందు విద్యుత్తును పంపిరి. ఎలక్ట్రాన్ తరంగము ఉంగరపు రెండు వైపులనుండి పోయి మరల కలియును. ఉంగరము నడుమ నుండు అయస్కాంత క్షేత్రమును మార్చిన కొలది తరంగములు ఒకసారి బలపరచుకొనుచు, ఒకసారి రద్దగుచు, తీగ నిరోధము క్రమముగ హెచ్చుచు తగ్గుచుండెను. ఇంటిలోని తీగయందు ఇది కనబడదు; ఎలక్ట్రాను తన తరంగ స్థితిని దారిలోని తాకిడులలో కోల్పోవును. ఉంగరమున కోట్లకొలది పరమాణువులున్నవి, అయినను ఆ స్మృతి పోలేదు. ఇట్టి తీగలను రెండింటిని ఒకే విధముగ తయారుచేసినను వాని నిరోధపు హెచ్చుతగ్గులు ఒకదానివలె నొకటి ఉండవు. లోహములోని మలినములు ఎచ్చటెచ్చట ఉన్నవో దానినిబట్టి ప్రతి తీగకును మనిషి వేలిముద్ర వంటి ముద్ర ఏర్పడును. ఒకే లోహమునకు ఒకే నిరోధకత యని మనము ప్రయోగశాలలో వ్రాసికొనిన వాక్యము అచ్చట చెల్లదు.

అమెరికా గణితజ్ఞుడు వారెన్ వీవర్ 1948లో వ్రాసిన ఒక వ్యాసమున ఈ విషయమును సకల శాస్త్రములకు వర్తింపజేసెను. రెండు మూడు రాశులు గల సమస్యలను పాత భౌతికశాస్త్రము సాధించినది; లెక్కలేనన్ని రాశులు గల సమస్యలను సంఖ్యాశాస్త్రము సాధించినది; ఈ రెండింటి నడుమ, అనేక రాశులు ఒకదానితో నొకటి అల్లుకొని యున్న సమస్యలు అట్లే మిగిలిపోయినవని ఆయన వాదము. జీవకణము, ఆర్థిక వ్యవస్థ ఇట్టివి. సాంఘికశాస్త్రమున రాబర్ట్ మెర్టన్ ప్రతిపాదించిన మధ్యశ్రేణి సిద్ధాంతములను కూడ కొందరు ఈ గంపలోనే వేయుదురు. మేము అట్లు చేయుటకు సందేహించుచున్నాము. మెర్టన్ చెప్పినది సిద్ధాంతము ఎంత విస్తృతముగ ఉండవలెనను విషయము. కొలబద్దతో కొలువదగిన పరిమాణము కాదు.

ఇక ఈ విషయము ప్రాణములతో ముడిపడిన శాస్త్రమునకు వత్తము. అది వాతావరణ శాస్త్రము. ఇరువదవ శతాబ్ది తొలి సగమున వాతావరణ పటములు ఒకదానికొకటి నూరేసి కిలోమీటర్ల దూరమున నున్న కేంద్రముల లెక్కలనుండి తయారగుచుండెను. అల్పపీడనములు, తుఫానులు వాటిలో చక్కగ కనబడును. ఒక కేంద్రమునందలి పరిశీలకుడు తన నెత్తిమీది మేఘమును కూడ చక్కగ చూడగలడు. కాని నలుబది కిలోమీటర్ల పొడవున వరుసగ కదలివచ్చు ఉరుముల మేఘముల గుంపు? అది ఒక కేంద్రమునకు పూర్తిగ కనబడనంత పెద్దది, రెండు కేంద్రముల నడుమ జారిపోవునంత చిన్నది. రెండవ ప్రపంచయుద్ధములో వృద్ధిచెందిన రాడార్‌కు ఇవి మొదటిసారిగ పూర్తి ఆకారమున కనబడెను. 1951లో లిగ్డా అను శాస్త్రజ్ఞుడు వీనికి మెసో అను ఉపసర్గతో పేరు పెట్టెను. తరువాత 1975లో ఓర్లాన్‌స్కీ 2 కిలోమీటర్లనుండి 2000 కిలోమీటర్ల వరకు ఈ ప్రాంతమును నిర్ణయించి, దానిని మరల మూడు భాగములు చేసెను. మన దేశమున తొలి తుఫాను పరిశీలక రాడార్ 1970లో విశాఖపట్టణమున నెలకొల్పబడినది.

ఈ నడిమి గాలులను లెక్కించుట ఏల కష్టము? ఒక్క మేఘము గంటలోపల పుట్టి కరగిపోవును. భూభ్రమణము దానిని వంచుటకు సమయము చాలదు, కావున భూభ్రమణమును వదలివేయవచ్చును. వాయుగుండము రోజులకొలది ఉండును. అచ్చట పీడనపు తేడాయు, భూభ్రమణపు ప్రభావమును తూకము వేసినట్లు సరిపోవును, మిగిలిన వానిని వదలివేయవచ్చును. పదిపండ్రెండు గంటలు బ్రదుకు మేఘముల గుంపునకు భూభ్రమణము పట్టుకొన నారంభించును, కాని తూకము కుదరదు. పైగా ఆ గుంపు తన్ను తానే పోషించుకొనును. వాన పడుటకు ముందు మన ముఖమునకు తగులు చల్లని ఈదురుగాలిని అందరము ఎరుగుదుము. వర్షపు చినుకులు కొంత ఆవిరియగుటచే చల్లబడి బరువెక్కిన గాలి నేలపైకి దిగి నలువైపుల పరచుకొనును. అది ఎదుటనున్న వెచ్చని తేమగాలి క్రిందికి చొరబడి దానిని పైకి నెట్టును. అచ్చట క్రొత్త మేఘము పుట్టును. పాత మేఘము చనిపోవుచు క్రొత్త మేఘమునకు జన్మనిచ్చుచున్నది.

ఆ దిగుగాలియే కొన్ని సమయముల మృత్యువగును. 1975 జూన్ 24న న్యూయార్క్ విమానాశ్రయమున దిగబోవుచున్న ఈస్టర్న్ సంస్థ విమానము ఉరుముల వానలో కూలి నూరుమందికి పైగా మరణించిరి. దాని గాలి లెక్కలను పరిశీలించినవాడు జపాను దేశమున పుట్టి షికాగోలో స్థిరపడిన తెత్సుయా ఫుజితా. 1945లో ఆయన నాగసాకి పట్టణమున అణుబాంబు వలన చెట్లు ఒక కేంద్రమునుండి నక్షత్రాకారమున బయటికి ఒరిగి యుండుటను చూచియుండెను. 1974లో అమెరికాలో సుడిగాలులు విరుచుకుపడిన తరువాత విమానమునుండి చూడగా కొన్ని అడవులలో చెట్లు సుడి తిరిగినట్లు గాక అదే నక్షత్రాకారమున పడియుండెను. పైనుండి దిగిన గాలి నేలకు కొట్టుకొని అన్ని వైపులకు చిమ్మినదని ఆయన గ్రహించెను. నాలుగు కిలోమీటర్లకు మించని వ్యాసము గల ఇట్టి దిగుగాలికి ఆయన మైక్రోబర్‌స్ట్ అని పేరు పెట్టెను. అందు ప్రవేశించిన విమానమునకు మొదట ఎదురుగాలి తగిలి అది పైకి లేచును; పైలట్ వేగమును తగ్గించును; వెనువెంటనే వెనుకగాలి తగిలి రెక్కలకు పట్టు తప్పును.

అంత చిన్న వైశాల్యమున అంత బలమైన గాలి నేలవరకు దిగదని తోటి శాస్త్రజ్ఞులు చాలమంది నమ్మలేదు. వారి అవిశ్వాసమును మేము మూర్ఖత్వమని అనజాలము. వారి యొద్దనున్న పటములలో అది నిజముగనే లేదు. 1978లో షికాగో సమీపమునను, 1982లో డెన్వరు సమీపమునను దగ్గరదగ్గరగ డాప్లర్ రాడార్లను నిలిపి చూడగా ఇవి పదులకొలది బయటపడెను. అయినను 1985 ఆగష్టు 2న డల్లాస్‌లో డెల్టా సంస్థ విమానము అట్టి గాలిలోనే చిక్కి 137 మంది మరణించిరి. ఆ తరువాతనే అమెరికాలో ప్రయాణికుల విమానములలో దీనిని పసిగట్టు పరికరములను తప్పనిసరి చేసిరి.

మన దేశపు ఉదాహరణము ఇంకను స్పష్టమైనది. 2005 జులై 26న ముంబైలోని శాంతాక్రజ్ కేంద్రమున 24 గంటలలో 944 మిల్లీమీటర్ల వర్షము నమోదయ్యెను. అదే నగరమున, దక్షిణపు కొసనున్న కొలాబా కేంద్రమున సుమారు 73 మిల్లీమీటర్లు మాత్రమే. రెండింటి నడుమ దూరము పాతిక కిలోమీటర్ల ప్రాంతము. కొలాబా లెక్కను మాత్రమే చూచినవానికి అది సాధారణ వర్షదినము. శాంతాక్రజ్ పరిసరములలో ప్రజలు కార్లలోను, గుడిసెలలోను మునిగిపోయిరి, కొండచరియలు ఇండ్లపై విరిగిపడెను. మహారాష్ట్రలో మరణించినవారి సంఖ్య వందలలో ఉన్నది. ఈ రెండు కేంద్రముల సగటు తీసినచో వచ్చు అంకె నగరములో ఏ ఒక్కరి అనుభవమునకును సరిపోదు. ఋతుపవనము బలముగ నున్నదని పెద్ద పటమునుండి తెలియును. ఏ పేట మునుగునో చెప్పవలసినది నడిమి పటము. నాడు ముంబైలో డాప్లర్ రాడార్ లేదు.

నేడు గణనయంత్రములు ఆకాశమును గళ్లుగ విభజించి లెక్కించుచున్నవి. గడి పెద్దదైనపుడు మేఘమును విడిగ లెక్కింపక, గడిలో సగటున ఇంత వాన యని ఒక సూత్రముతో సరిపెట్టుదురు. గడి కిలోమీటరు కన్న తక్కువైనచో మేఘము తనంతట తానే లెక్కలో పుట్టును, సూత్రముతో పనిలేదు. 2025 మేలో మన దేశము ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గళ్లతో పనిచేయుచున్నది. దానికి ముందున్నది 12 కిలోమీటర్లది. ఇది గొప్ప ప్రగతియే. కాని కిలోమీటరు మొదలు పది కిలోమీటర్ల వరకు గల గళ్లను శాస్త్రజ్ఞులు ధూసర మండలము అను అర్థము వచ్చు పేర పిలుచుచున్నారు. అచ్చట మేఘము సగము లెక్కలో పుట్టును, సగము పుట్టదు. సూత్రమును ఉంచినచో ఒకే వానను రెండుసార్లు లెక్కించినట్లగును, తీసివేసినచో కొంత వాన తప్పిపోవును. ప్రకృతిలో నడిమి ప్రాంతమును పట్టుకొనుటకు నిర్మించిన యంత్రములోపలనే ఇంకొక నడిమి ప్రాంతము పుట్టినది.

కురిసిన వాన నేలకు చేరిన తరువాత కూడ ఈ ప్రశ్న విడువదు. తెలంగాణమున గొలుసుకట్టు చెరువులను ఎరుగనివారు లేరు. ఎగువ చెరువు నిండిన తరువాత నీరు అలుగు దాటి, కాలువ వెంట దిగువ చెరువునకు పోవును. అచ్చటినుండి మరియొక చెరువునకు, కడకు వాగునకో ఏటికో చేరును. పొలములోని ఒక మడిని చూచువానికి ఈ గొలుసు కనబడదు. గోదావరి, కృష్ణా పరీవాహక ప్రాంతమంతటిని ఒక పటముగ గీయువానికి ఇది చుక్కల వరుస మాత్రమే. అయినను వరదను నిర్ణయించునది ఈ గొలుసే. నడుమ ఒక చెరువు పూడినను, ఒక కాలువపై ఇండ్లు వెలసినను, కట్ట గట్టిగనే యున్న దిగువ చెరువునకు ప్రమాదము వచ్చును. ఒక్కొక్క చెరువును విడివిడిగ తనిఖీ చేసి అన్నియు బాగుగ ఉన్నవని వ్రాయుట సాధ్యమే. అలుగు నీటికి దారి యున్నదా యను ప్రశ్న ఏ చెరువు లెక్కలోను రాదు.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదు పరిసరములలో కొన్నిచోట్ల 24 గంటలలో 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసెను. ఆ వారములోనే బాలాపూరు వైపున నున్న గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీలోని వీధులు నీట మునిగెను. ఆ వీధులలో మునిగిన ఇండ్లు ఏ చెరువు ఒడ్డునను కట్టినవి కావని అందలి జనులు తలచియుండిరి. గొలుసును పటముపై గీచి చూచినచో, చెరువునకు చెరువునకు నడుమ నీరు నడచు దారిలోనే అవి ఉన్నవి.